‘అది నాన్న ఉద్యోగం, నన్నెందుకు స్టేజీ ఎక్కిస్తారు?’

ప్రశ్న:

మా ఆయన సైన్యంలో పనిచేస్తారు. పెళ్ళయి పదిహేనేళ్ళయింది. అందులో కలిసి ఉన్నది సగం కూడా ఉండదు. మాకు పదమూడేళ్ళ అమ్మాయి, ఏడేళ్ళ బాబు. అమ్మాయికి ఇది ఆరో స్కూలు. ఏ స్కూల్లో చేర్చినా జాతీయ దినోత్సవం రోజు తనని స్టేజీ మీదికి పిలుస్తారు. సైనికుడి కూతురని పరిచయం చేసి, దేశభక్తి గురించి నాలుగు మాటలు మాట్లాడిస్తారు. ఇన్నాళ్ళూ చక్కగా మాట్లాడేది. ఈసారి పిలిస్తే లేవలేదట. టీచరే తన దగ్గరికొచ్చి అడిగితే, "అది మా నాన్న ఉద్యోగం మేడమ్, నన్నెందుకు స్టేజీ ఎక్కిస్తారు?" అందట. జాతీయ గీతం వచ్చినప్పుడు మాత్రం అందరితో పాటు వరుసలో నిలబడే ఉందని ఆ టీచరే చెప్పారు.

మా మామగారు కూడా సైన్యంలో చేసి రిటైరయినవారే. "ఈ ఇంట్లో పుట్టి ఇదేం బుద్ధి" అని రెండు రోజులు మనవరాలితో మాట్లాడలేదు. మా ఆయనకి ఈ సంగతి చెప్పలేదు. ఎప్పుడైనా అంతే, ఫోన్ వచ్చే ముందు పిల్లలిద్దరికీ చెబుతాను, నాన్నకి టెన్షన్ పెట్టే మాటలేవీ మాట్లాడొద్దని. అక్కడ ఆయన మనసు నిబ్బరంగా ఉండాలి కదా. బాబుకి ఈ గొడవేం లేదు, నాన్న టోపీ పెట్టుకుని ఇల్లంతా సెల్యూట్లు కొడుతూ తిరుగుతాడు. రెండు నెలల్లో స్కూలు వార్షికోత్సవం ఉంది, మళ్ళీ పిలుస్తామన్నారు. నచ్చజెప్పి పంపమంటారా? నా కూతురికి దేశమంటే ప్రేమ లేకుండా పోయిందా?

– ఒక సైనికుడి భార్య

జవాబు:

పంపొద్దు. నచ్చజెప్పే ప్రయత్నం కూడా వద్దు. మీరే ఒకసారి స్కూలుకి వెళ్ళి, "మా అమ్మాయిని ఈసారి పిలవకండి, తనకి మాట్లాడాలనిపిస్తే తనే వచ్చి అడుగుతుంది" అని చెప్పి రండి. చెప్పొచ్చిన సంగతి ఆ సాయంత్రమే అమ్మాయికి చెప్పండి. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ముందు తేలిపోవాలి. మళ్ళీ పిలుస్తారేమోనని రెండు నెలలు గుబులు పడుతూ కూర్చునే పిల్ల మీతో మనసు విప్పి మాట్లాడదు.

దేశమంటే ప్రేమ లేదేమోనన్న మీ భయానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. జాతీయ గీతం వచ్చినప్పుడు తను లేచి నిలబడింది. అందరితో కలిసి చేయాల్సింది చేసింది, తనని ఒక్కదాన్నీ విడదీసి ముందు నిలబెడతామంటే ఒప్పుకోలేదు. ఈ రెండింటికీ తేడా ఉంది. భారత సుప్రీంకోర్టు ముందుకి 1986లో ముగ్గురు స్కూలు పిల్లల కేసు వచ్చింది. కేరళ పిల్లలు. జాతీయ గీతానికి మర్యాదగా నిలబడేవాళ్ళు, కానీ వాళ్ళ మత విశ్వాసం వల్ల పాడేవాళ్ళు కాదు. అందుకని స్కూలు వాళ్ళని పంపించేసింది. మర్యాదగా లేచి నిలబడిన పిల్లలు గీతాన్ని అవమానించినట్టు కాదని, వాళ్ళని తిరిగి చేర్చుకోవాలని కోర్టు చెప్పింది. అంతకంటే ముందు 1943లో, అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలో పీకల దాకా మునిగి ఉన్నప్పుడు, జెండాకి సెల్యూట్ చేసి తీరాలని పిల్లల్ని బలవంతం చేయకూడదని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మీ అమ్మాయిది కోర్టు దాకా వెళ్ళే విషయమేమీ కాదు. అయినా ఇవి ఎందుకు చెబుతున్నానంటే, యుద్ధం నడుస్తుండగా కూడా పిల్లల మౌనాన్ని చూసి ఆ న్యాయమూర్తులు కంగారు పడలేదు. మీరూ, మీ మామగారూ కూడా పడనక్కర్లేదు.

నేనూ సైనికుడి కూతుర్నే. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఇలాగే స్టేజీ ఎక్కించారు. చేతికి కాగితం జెండా ఇచ్చారు. ఒక మాస్టారు నా భుజం మీద చెయ్యేసి, మైకులో, "ఈ పాప వాళ్ళ నాన్న మనందరి కోసం ప్రాణాలివ్వడానికి కూడా సిద్ధంగా ఉన్నాడు" అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. నాన్న చనిపోవచ్చన్న సంగతి నాకు మొట్టమొదట తెలిసింది ఆ మైకులోనే. అప్పటిదాకా నాన్నంటే దూరంగా ఎక్కడో పనిచేస్తాడు, సెలవుకి వస్తాడు, ఆయన వస్తే ఇంట్లో షూ పాలిష్ వాసన వస్తుంది, అంతే. స్టేజీ దిగేసరికి నా చేతిలో జెండా పుల్ల రెండు ముక్కలైంది. ఎప్పుడు విరిచానో నాకే తెలీదు. జెండా విరగ్గొట్టానని తిడతారేమోనని గౌను జేబులో దాచేసుకున్నాను. ఆ రాత్రి అమ్మని అడిగాను, నాన్న చచ్చిపోతాడా అని. "అలాంటి మాటలు అనకూడదు" అని అమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి వణుకుతోంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను ఆ ప్రశ్న అడగలేదు, అలాంటివి మరేవీ కూడా అడగలేదు.

ఆ మాస్టారు మంచివారే. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు పూడుకుపోయింది కూడా. త్యాగం అనే మాట వింటే సభలో పెద్దవాళ్ళకి ఒళ్ళు పులకరిస్తుంది. అదే మాట విన్న సైనికుడి బిడ్డ, త్యాగమయ్యేది ఎవరు అని ఆలోచిస్తుంది. మీ అమ్మాయి ఎన్నో ఏళ్ళుగా ఈ పరిచయం వింటోంది. పోయినసారి మైకులో ఏమన్నారో మెల్లగా కనుక్కోండి. తను మాట్లాడే ఆ నాలుగు మాటలు తనే రాసుకునేదా, ఎవరైనా రాసిచ్చేవారా, అదీ అడగండి. అందులో ఏదో ఒక మాట గుచ్చుకుని ఉంటుంది.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది స్టేజీ సంగతి కాదు, ఫోన్ సంగతి.

మీరు ఎందుకలా చెబుతున్నారో నాకు బాగా తెలుసు. మా అమ్మా అలాగే చెప్పేది. ఇంటి గురించి దిగులు పడుతూ ఆయన అక్కడ ఏమరుపాటుగా ఉంటే ఏమవుతుందోనని మీ భయం. కానీ ఒకసారి అమ్మాయి వైపు నుంచి చూడండి. నాన్న గొంతు వినపడేది ఏ పది నిమిషాలో. ఆ పది నిమిషాల్లో లెక్కల్లో మార్కులు తగ్గాయని చెప్పకూడదు. కొత్త స్కూల్లో మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుంటున్నానని చెప్పకూడదు. నువ్వు లేవని కోపంగా ఉందని అసలే అనకూడదు. బాగున్నాను నాన్నా, బాగా చదువుతున్నాను నాన్నా, తమ్ముడు బాగున్నాడు నాన్నా. అంతటితో ఫోన్ అమ్మకి ఇచ్చెయ్యాలి. ఊహ తెలిసినప్పటి నుంచి మీ అమ్మాయి ఈ డ్యూటీ చేస్తోంది. దీనికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, దేశభక్తి అని పేరూ పెట్టలేదు. మైకు ముందు నాలుగు పెద్ద పెద్ద మాటలు అప్పజెబితే మాత్రం శెభాష్ అంటున్నారు. పదమూడేళ్ళ పిల్లకి ఇది కనబడకుండా ఉంటుందా? ఆ రోజు లేవకపోవడానికి ఇదే కారణమని నాకనిపిస్తోంది.

పౌలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో, వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాల మధ్య పనిచేశారు. ఆ ఇళ్ళలో మనిషి లేడు, కానీ పోయాడని ఏడవడానికీ లేదు. ఇలాంటి స్థితిని ఆవిడ తేలని నష్టం అన్నారు. మనిషి కళ్ళ ముందే ఉండి, మనసు మాత్రం ఇక్కడ లేకపోవడం కూడా ఇలాంటిదేనన్నారు. మీ ఇంట్లో అంత కష్టం లేదు, రాకూడదు కూడా. ఆయన క్షేమంగా ఉన్నారు, ఫోన్ చేస్తున్నారు. అయినా దాని నీడ ప్రతి సైనికుడి ఇంట్లోనూ కాస్త పడుతుంది. అద్దం దగ్గర కప్పులో ఆయన బ్రష్ ఉంటుంది, ఆయన ఉండరు. సెలవుకి వస్తే ఆయన ఉంటారు, మొదటి వారమంతా మనసు అక్కడే ఉంటుంది. ఇలాంటప్పుడు ఒకదానికొకటి పొసగని రెండు మాటలు ఒకేసారి నిజం కావచ్చని ఒప్పుకుంటే మనిషికి ఊపిరాడుతుందని బాస్ అంటారు. మీ అమ్మాయికి ఆ రెండు మాటలేమిటో నేను ఊహించగలను. నాన్నంటే గర్వం. నాన్న మీద కోపం. మొదటిది చెప్పడానికి స్టేజీలు కట్టి మరీ పిలుస్తున్నారు. రెండోది చెప్పుకోవడానికి ఇంట్లో కూడా చోటు లేదు.

పైగా ఆ కోపం ఒక్కోసారి దేశం మీదికి మళ్ళుతుంది. మిగతా పిల్లలకి దేశమంటే గోడ మీది పటం, ఒక పాట, ఒక సెలవు రోజు. సైనికుడి పిల్లలకి దేశం అంటే నాన్నని ఎప్పుడు పడితే అప్పుడు పిలిపించుకునేది. పుట్టినరోజు పొద్దున్న కూడా పిలిపించుకునేది. నాన్న దగ్గర తమకంటే దానికే ఎక్కువ చనువని వాళ్ళకి అనిపిస్తుంది. తమ్ముడు పుట్టగానే అమ్మ ఒడి పంచుకోవాల్సి వచ్చిన పిల్ల ఎలా ఉడుక్కుంటుందో ఇదీ అలాంటిదే. ఆ ఉడుకుమోతుతనాన్ని చూసి తమ్ముడంటే ప్రేమ లేదని మనం తేల్చేయం కదా.

అలాగని ఈ పిల్లలకి మిగిలేది కోపం ఒక్కటేనని అనుకోకండి. బదిలీలు ఎంత నలిపినా, వాటిలో వాళ్ళకి దొరికేది ఒకటుంది. అమెరికా సైనికుల పిల్లలు స్కూలు చదువు ముగిసేలోపు ఆరు నుంచి తొమ్మిది సార్లు స్కూలు మారతారని అక్కడి రక్షణ శాఖ చెబుతుంది. మీ అమ్మాయి పదమూడేళ్ళకే ఆరో స్కూల్లో ఉంది. ఆరుసార్లు కొత్త పిల్లగా తలుపు దగ్గర నిలబడింది. ఆరుచోట్ల ఎవరో ఒకరు జరిగి చోటిచ్చి ఉంటారు. నా మూడో స్కూల్లో నాకొచ్చిన భాష ఒక్కరికీ రాదు. మొదటి రోజు ఒక అమ్మాయి తన పుస్తకాలు ఒక పక్కకి నెట్టి, బల్ల మీద చేత్తో గీత గీసి, సగం నాదని చూపించింది. మధ్యాహ్నానికి ఆ గీత ఎక్కడుందో ఇద్దరమూ మర్చిపోయాం. తర్వాత నోటుబుక్కు చివరి పేజీలో బొమ్మలు గీసుకుంటూ మాట్లాడుకున్నాం. ఏడాదికల్లా నాన్నకి మళ్ళీ బదిలీ అయింది. ఇప్పటికీ ఎవరైనా దేశం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ సగం బల్లే. నేను ఎవరి కోసం నాన్నని వదులుకుని ఉన్నానో, వాళ్ళలో ఒకరి మొహం నాకు తెలుసు. ఊరు కదలకుండా పెరిగిన పిల్లలకి అంత సులువుగా దొరకనిది ఇది.

ఒక సాయంత్రం అమ్మాయితో కూర్చుని ఆ ఆరు స్కూళ్ళనీ వరసగా గుర్తు చేసుకోండి. ఒక్కోచోట ఎవరు గుర్తున్నారో, ఎవరిని వదిలి వస్తుంటే ఏడుపొచ్చిందో అడగండి. మధ్యలో దేశభక్తి అన్న మాట తేవొద్దు. తను చెబుతుంటే వినండి చాలు.

అమెరికాలో 1986 నుంచి ఏటా ఏప్రిల్ నెలని సైనికుల పిల్లల కోసం కేటాయించారు. తండ్రి కొలువులో పిల్లలకీ వాటా ఉందని ఒక దేశం ఒప్పుకోవడం మంచి పనే. వాళ్ళకి గుర్తుగా డాండిలైయన్ అనే పువ్వుని చూపిస్తారు. గింజ గాలికి ఎగిరి ఎక్కడ పడితే అక్కడ వేరు పట్టే మొక్క అది. పోలిక నాకు నచ్చింది కానీ పూర్తిగా కాదు. ఎక్కడైనా వేరు పడతావులే అని బిడ్డతో చెప్పేటప్పుడు, ప్రతిసారీ పీకుతున్నది కూడా మనమేనని గుర్తుండాలి.

ఇకముందు మీ అమ్మాయి ఇంకా కష్టమైన ప్రశ్నలు వేస్తుంది. యుద్ధాలు ఎందుకు చేస్తారు, అవతలి సైనికుడికీ నాలాంటి కూతురు ఉంటుందా, మన ప్రభుత్వం నాన్నని అక్కడికి పంపడం సరైనదేనా. ఆ వయసులో ఇవి రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. 1999లో షాట్జ్, స్టాబ్, లావిన్ అనే ముగ్గురు పరిశోధకులు దేశాభిమానంలో రెండు రకాలున్నాయని చూపించారు. దేశం ఏం చేసినా ప్రశ్నించకూడదనుకునేది ఒకటి. దేశం మీద ప్రేమతోనే దాని తప్పులు అడిగి, బాగుపడాలని కోరుకునేది ఇంకొకటి. దేశంలో ఏం జరుగుతోందో ఎక్కువ తెలుసుకుని, ఎక్కువ పట్టించుకునేది ఈ రెండో రకం వాళ్ళేనని వాళ్ళ అధ్యయనంలో తేలింది. అందుకని ప్రశ్న రాగానే నోరు మూయించకండి. మీకు జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పండి.

మీ మామగారి దగ్గరికొద్దాం. ఆయన కోపంలో తప్పు పట్టడానికేమీ లేదు. జీవితమంతా పెట్టిన చోట మనవరాలు వెనక్కి తగ్గిందనుకున్నారు, నొచ్చుకున్నారు. ఆయనతో ఒక్క మాట నెమ్మదిగా అనండి. ఆయన తన ప్రమాణాన్ని పెద్దయ్యాక తన నోటితో, తన ఇష్టంతో చేశారు. మనవరాలు ఇంకా ఏ ప్రమాణమూ చేయలేదు. ఆయన చేసినదానికి పూచీ తను ఇవ్వలేదు. ఆ తర్వాత ఇంకొకటి అడగండి, ఇది నేను మరీ మరీ చెబుతున్నాను. ఆయన ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇంట్లో ఎదురుచూసిన పిల్లాడు ఎలా ఉండేవాడు? సెలవు అయిపోయి వెళ్ళే రోజు ఏం చేసేవాడు? ఆ పిల్లాడు మీ ఆయనే.

ఈ సంగతి మీకు తట్టలేదేమో, మీ ఆయన కూడా సైనికుడి కొడుకే. మీ అమ్మాయి ఇప్పుడు పడుతున్నదంతా ఆయన పడి వచ్చినదే. ఇంట్లో తనని అందరికంటే బాగా అర్థం చేసుకోగల మనిషి నుంచే మీరు ఈ సంగతి దాచారు. నిబ్బరం చెడుతుందని భయపడకండి. దూరంగా ఉన్న మనిషిని ఎక్కువ కుంగదీసేది ఏదో దాస్తున్నారన్న అనుమానం. మీరు బాగున్నాం అంటున్నప్పుడు మీ గొంతులో తేడా ఆయనకి తెలియదనుకుంటున్నారా? అక్కడ పరిస్థితి మరీ గట్టిగా ఉన్న రోజు కాకుండా, కాస్త తెరిపిగా ఉన్న రోజు చూసి జరిగింది జరిగినట్టు చెప్పండి. కూతురికి ఉపన్యాసం ఇవ్వొద్దని, తన చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పమని అడగండి. తాతయ్య రాని పండగో, రాసి పంపని ఉత్తరమో, ఏదైనా. రోజూ అక్కడ తను చేసే పనిలో చెప్పగలిగినంత చెప్పమనండి. బూట్లు ఆరకపోవడం, పక్క మంచం మనిషి గురక, కాపలా ఉన్న రాత్రి నిద్ర ఆపుకోవడం. చెప్పకూడనివి ఉంటే, ఇది చెప్పకూడదమ్మా అని చెప్పడం కూడా నిజం చెప్పడమే. నాకేం కాదు అని మాత్రం మాటివ్వొద్దని చెప్పండి. పదమూడేళ్ళ పిల్ల ఆ మాట నమ్మదు. జాగ్రత్తగా ఉండటానికి ఏమేం చేస్తున్నారో చెబితే నమ్ముతుంది.

బాబు సంగతి రెండు మాటల్లో చెబుతాను. వాడి టోపీ, వాడి సెల్యూట్లు వాడి ఇష్టం, ఆడుకోనివ్వండి. కానీ నాన్న లేనప్పుడు ఇంటికి నువ్వే పెద్ద దిక్కు అని ఎవరైనా అంటుంటే ఆపించండి. పెద్దవాళ్ళు ముద్దుగా అనే మాట అది, ఏడేళ్ళవాడు దాన్ని నిజమనుకుని రాత్రిళ్ళు తలుపు గడియలు లేచి చూసుకుంటాడు. వాడిని పొగుడుతూ అక్కతో పోల్చకండి. వాడికీ పదమూడేళ్ళు వస్తాయి.

అమ్మాయికి నిద్ర పట్టకపోయినా, తిండి బాగా తగ్గినా, స్నేహితుల్ని పూర్తిగా వదిలేసినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా ఉత్తరాలతో కాలం గడపకుండా వెంటనే పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. మీరు రాసినదాన్ని బట్టి ఇప్పుడైతే అలాంటిదేమీ కనిపించడం లేదు.

ఈసారి ఫోన్ వచ్చినప్పుడు పిల్లలకి ముందుగా ఏ జాగ్రత్తలూ చెప్పకండి. ఫోన్ అమ్మాయి చేతికిచ్చి, బాబుని తీసుకుని మీరు బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసెయ్యండి. లోపలి నుంచి ఏడుపు వినపడినా పరుగెత్తకండి, వాళ్ళిద్దర్నీ కాసేపు మాట్లాడుకోనివ్వండి.